వేగం పెరగాలంటే వినడం మారాలి: మోర్స్ కోడ్‌ను తిరిగి నేర్చుకోవడం



ఈనాటి మన పాఠ్యాంశం మోర్స్ కోడ్. దాని చరిత్ర చెప్పి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. వయసులో ఉన్నప్పుడు నేర్చుకుని, ఒక స్థాయి దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయిన నైపుణ్యాన్ని యాభై ఏళ్లు దాటిన తర్వాత మళ్లీ చేతికి తీసుకుని, రెట్టింపు వేగానికి చేర్చడం సాధ్యమేనా? సాధ్యమైతే దానికి మార్గం ఏమిటి? ఇదీ ఇవాళ మనం పరిశీలించబోయే ప్రశ్న. హామ్ రేడియో అభిరుచి ఉన్నవారికి ఇందులో నేరుగా ఉపయోగపడే విషయాలున్నాయి. రేడియోతో ఏ సంబంధమూ లేని తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ పనికివచ్చే విషయం కూడా ఒకటి ఉంది. దాన్ని చివర చెబుతాను.

ఖరగ్‌పూర్‌కూ తంతికీ ఉన్న సంబంధం

నేను పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు రైల్వే కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. వర్క్‌షాపుల్లో, లోకో షెడ్లలో, స్టేషన్లలో పనిచేసి ఇక్కడే ఉండిపోయాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్‌లో తెలుగువారు అంత పెద్ద సంఖ్యలో ఉండడమే దానికి ముఖ్య కారణం.

రైల్వే ఉన్నచోట తంతి ఉండేది. బ్లాకు పరికరాలు లేని ఒంటి లైను మీద ఒక స్టేషను నుంచి బండిని వదలాలంటే అవతలి స్టేషను ఒప్పుకోవాలి. ఆ అడగడం, ఒప్పుకోవడం కాగితం మీద రాసిన లైన్ క్లియర్ సందేశాలుగా తంతి మీదనే నడిచేవి. ఆ సందేశాలను పంపేవారినీ, అందుకునేవారినీ సిగ్నలర్లు అనేవారు. జనం వాడుకలో వారు తార్‌బాబులు. వారి బల్ల మీద ఉండే సౌండరు అనే చిన్న పరికరం టక్కు టక్కుమని కొడుతూ ఉంటే, చుట్టూ ఎంత గోల ఉన్నా, వారు దాన్ని వింటూ రాసుకుపోయేవారు.

దేశంలో తంతికి పుట్టినిల్లు కూడా బెంగాలే. 1850–51లో విలియం ఓషానెసీ ఆధ్వర్యంలో కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకు తొలి తంతి మార్గం పడింది. తీగ లేని తంతి, అంటే వైర్‌లెస్ వచ్చాక, 1921లో లైసెన్సు పొందిన మన దేశపు తొలి హామ్ అమరేంద్ర చంద్ర గుప్తా కూడా బెంగాలీయే. ఆయన కాల్ సైను 2జెకె.

మన దేశంలో టెలిగ్రాము సేవ 2013 జూలై 14తో ముగిసింది. అంతకు చాలా ఏళ్ల ముందే తంతి కార్యాలయాల్లో మోర్స్ స్థానంలోకి టెలిప్రింటర్లు, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చేశాయి. సముద్రంలో ఓడల ఆపద సంకేతాల కోసం కొత్త ఉపగ్రహ విధానం 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమలులోకి రావడంతో అక్కడా మోర్స్ అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఆ భాషను రోజూ వాడుకలో ఉంచుతున్నవారు ముఖ్యంగా హామ్‌లే.

ఈ రోజుల్లో కోడ్ ఎందుకు?

హామ్ రేడియో అంటే లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ లైసెన్సుతో, సొంత రేడియో స్టేషను నడుపుకునే అభిరుచి. మన దేశంలో 1978 నాటి నిబంధనల ప్రకారం రెండో గ్రేడుకు నిమిషానికి 5 పదాలు, మొదటి గ్రేడుకు 12 పదాల వేగంతో మోర్స్ పరీక్ష ఉండేది. 2010లో గ్రేడులు మారాయి. జనరల్ గ్రేడుకు 8 పదాల వేగం చాలన్నారు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ పరీక్షే లేదు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు, మోర్స్ పరీక్ష పెట్టాలా వద్దా అనేది ఆయా దేశాల ఇష్టానికే వదిలేసింది. అమెరికా 2007 ఫిబ్రవరిలో ఆ పరీక్షను పూర్తిగా తీసేసింది.

పరీక్ష కోసం కాకపోతే మరి దేనికి? దీనికి భౌతిక శాస్త్రం ఇచ్చే సమాధానం ఒకటి ఉంది. మాటను పంపే సింగిల్ సైడ్‌బ్యాండ్ విధానానికి సుమారు 2,500 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ కావాలి. మోర్స్‌కు 150 హెర్ట్జ్ ఉంటే చాలు. అంటే అందుకునే చోట ఫిల్టరును పదహారు రెట్లు ఇరుకు చేసుకోవచ్చు. ఫిల్టరు ఎంత ఇరుకైతే దానిలోంచి వచ్చే రొద అంత తగ్గుతుంది. డెసిబెల్ లెక్కలో ఇది సుమారు 12. అదే పవరుతో మాట వినబడని చోట కోడ్ వినబడడానికి ఇదే కారణం.

రైల్వే పట్టణంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. విద్యుత్ ఇంజన్ల పాంటోగ్రాఫుల దగ్గర పుట్టే నిప్పురవ్వలు, ఇళ్లలోని ఇన్వర్టర్లు, చౌకరకం ఎల్‌ఈడీ దీపాలు, ఇవన్నీ రేడియోలో రొదను పెంచుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట కాలవైశాఖి గాలివానలు వస్తే, మెరుపు మెరిసినప్పుడల్లా ఫెళఫెళమనే శబ్దం సంకేతాన్ని మింగేస్తుంది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 లాంటి కంప్యూటర్ విధానాలు మనిషి చెవికి అందని బలహీన సంకేతాన్ని కూడా పట్టుకోగలవు. కాబట్టి కోడ్‌ను మించినది లేదనడం సరికాదు. అయితే ఆ విధానంలో అవతలి మనిషి మాటను మనకు చదివిపెట్టేది కంప్యూటరు. మోర్స్‌లో ఒక చిన్న ట్రాన్స్‌మిటరు, ఒక మీట, రెండు చెవులు చాలు.

ఆపద సమయాల్లో హామ్‌ల పాత్ర మనకు తెలిసిందే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన అండమాన్ దీవులకు ఆ స్టేషను వార్తా మార్గమైంది. సందేశం మాటగా వెళ్లిందా, కోడ్‌గా వెళ్లిందా అన్నది అక్కడ రెండో విషయం. సిద్ధంగా ఉన్న పరికరం, తర్ఫీదు పొందిన మనిషి ఉండడం మొదటి విషయం. ఆ తర్ఫీదులో కోడ్ ఒక భాగం.

వేగాన్ని ఎలా కొలుస్తాం?

మోర్స్‌లో అన్నిటికీ మూలం చుక్క. చుక్క నిడివి ఒక ప్రమాణం అనుకుంటే, గీత మూడు ప్రమాణాలు. ఒక అక్షరంలోని చుక్కకూ గీతకూ మధ్య విరామం ఒక ప్రమాణం. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, పదానికీ పదానికీ మధ్య ఏడు. ఈ లెక్కన ఇంగ్లీషు అక్షరాల్లో పారిస్ అన్న పదాన్ని పంపితే, దాని తర్వాతి విరామంతో కలిపి సరిగ్గా 50 ప్రమాణాలు అవుతుంది. అందుకే ఆ పదాన్ని కొలతగా పెట్టుకున్నారు. నిమిషానికి ఎన్ని పారిస్‌లు పంపగలిగితే వేగం అన్ని పదాలు.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 5 పదాల వేగంలో ఒక చుక్క 240 మిల్లీసెకన్లు ఉంటుంది. 12 పదాల వేగంలో 100 మిల్లీసెకన్లు. 25 పదాల వేగంలో 48 మిల్లీసెకన్లు. ఇంగ్లీషులో తరచుగా వచ్చే ‘ద’ అనే మూడక్షరాల మాటను తీసుకోండి. టి, హెచ్, ఇ. విరామాలతో కలిపి అది 17 ప్రమాణాలు. 5 పదాల వేగంలో ఆ ఒక్క మాటకు నాలుగు సెకన్లు పడుతుంది. 25 పదాల వేగంలో మొత్తం మాట సెకను లోపలే, 816 మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగు సెకన్ల వ్యవధిలో మన మనసు చాలా పనులు చేయగలదు. చుక్కలు లెక్కపెట్టగలదు, పట్టికలో వెతికి అక్షరాన్ని గుర్తు తెచ్చుకోగలదు, రాసుకోగలదు. సెకనులోపు వచ్చి వెళ్లిపోయే మాటతో ఇవేవీ కుదరవు. ఎస్‌కు మూడు చుక్కలు, హెచ్‌కు నాలుగు, 5 అంకెకు అయిదు. 25 పదాల వేగంలో ఇవి సెకనుకు పదికి పైగా వస్తుంటాయి. మనసులో ఒకటి, రెండు, మూడు అని అంకెలు పలుకుతూ ఆ వేగాన్ని అందుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

అడ్డుగోడ ఎక్కడుంది?

12 పదాల పరీక్ష నెగ్గినవారిలో చాలామంది 13, 14 దగ్గర ఆగిపోతారు. నేనూ చాలా ఏళ్లు అక్కడే ఉన్నవాణ్ణి. ఎంత సాధన చేసినా వేగం కదలదు. దీనికి తెలివితేటలతో గానీ, చెవి పదునుతో గానీ సంబంధం లేదు. నెమ్మది వేగానికి సరిపోయే పద్ధతికి ఉన్న గరిష్ఠ పరిమితి అది.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా మొదట పరిశీలించినవారు అమెరికాకు చెందిన విలియం లోవ్ బ్రయాన్, నోబుల్ హార్టర్. హార్టర్ స్వయంగా తంతి ఉద్యోగం చేసిన మనిషి. 1897లోనూ, 1899లోనూ వారు ప్రచురించిన పరిశోధనలు నైపుణ్యాల అభ్యసనం గురించి వచ్చిన తొలి ముఖ్య రచనల్లో చేరతాయి. తంతి నేర్చుకునేవారిని వారం వారం పరీక్షించి గ్రాఫులు గీశారు. పంపే వేగం క్రమంగా పెరుగుతూ పోయింది. అందుకునే వేగం మాత్రం కొంత పెరిగి, చాలా వారాలు బల్లపరుపుగా ఆగిపోయి, మళ్లీ పైకి లేచింది. ఆ బల్లపరుపు భాగానికి వారు పీఠభూమి అని పేరు పెట్టారు.

దానికి వారు ఇచ్చిన వివరణ ఇది. మొదట మనిషి అక్షరాలు వింటాడు. తర్వాత పదాలు వింటాడు. ఆ తర్వాత పదబంధాలు వింటాడు. కింది అలవాటు ఆలోచన లేకుండా జరిగే దశకు చేరితే తప్ప పై అలవాటు మొదలుకాదు. పీఠభూమి మీద వేగం పెరగనట్టు కనిపించినా, లోపల అక్షరాల అలవాటు గట్టిపడుతూ ఉంటుంది. శాస్త్రంలో ఏ మాటా చివరి మాట కాదు. ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1958లో ఈ పీఠభూమి అందరికీ తప్పనిసరిగా రాదని, దాన్ని ఒక భ్రమగా చూడాలని వాదించాడు. శిక్షణ మొదటి నుంచీ సరైన తీరులో ఉంటే ఆగిపోవడం ఉండదని మనం దాని నుంచి గ్రహించవచ్చు. నెమ్మదిగా నేర్చుకుని తర్వాత వేగం కోరుకునేవారు మాత్రం ఏదో ఒక రూపంలో ఆ గోడను చూస్తారు.

మా వీధిలో రైల్వే తంతి శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. వరసకు పెదనాన్న అని పిలిచేవాణ్ణి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో అక్షరం రాసుకుంటుంటే చూసి, “రాసుకోడమేటి బాబూ! మాకు సగం మాట రాకుండానే తెలిసిపోయీది. రాయడం తీరిగ్గా ఎనకాల జరిగీది” అనేవారు. “అదెలా పెదనాన్నా?” అంటే, “ఎలాగంటే ఏటి సెప్తాను? నువ్వు నా మాట ఎలా ఇంటన్నావు? అలాగే” అన్నారు. బ్రయాన్, హార్టర్లు గ్రాఫుల్లో చూపింది కూడా ఇదే.

లఘువు, గురువు, గణం

ఈ విషయం తెలుగువారికి సులువుగా అర్థం కావడానికి మన ఛందస్సు సాయపడుతుంది. చుక్కను లఘువు అనీ, గీతను గురువు అనీ అనుకుందాం. గురువు రెండు మాత్రలు, గీత మూడు ప్రమాణాలు. ఆ తేడాను పక్కన పెడితే ఒక చక్కని సంగతి కనిపిస్తుంది. మనకు మూడక్షరాల గణాలు ఎనిమిది. యమాతారాజభానసలగం అని బడిలో చదువుకున్నాం. మోర్స్‌లో మూడేసి గుర్తులున్న ఇంగ్లీషు అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే. య గణం డబ్ల్యు. మ గణం ఓ. త గణం జి. ర గణం కె. జ గణం ఆర్. భ గణం డి. న గణం ఎస్. స గణం యు. రెండు రకాల గుర్తులను మూడు చోట్ల అమరిస్తే వచ్చేవి ఎనిమిదే అమరికలు కాబట్టి ఇది గణితం ప్రకారం సహజమే.

ఉత్పలమాలకు గణాలు భ, ర, న, భ, భ, ర, వ. పద్యం బాగా వచ్చిన మనిషి దాన్ని విన్నప్పుడు ఈ గణాలు లెక్కపెడతాడా? లెక్కపెట్టడు. మొదటి పాదం సగంలోనే ఇది ఉత్పలమాల నడక అని చెవికి తెలిసిపోతుంది. గణవిభజన విద్యార్థి పలక మీద చేసే పని. నడకను గుర్తుపట్టడం రసికుడి చెవి చేసే పని. విభజన ఎంత వేగంగా చేసినా అది నడకను గుర్తుపట్టడం కాదు. ఆ రెండూ వేర్వేరు పనులు.

అందుకే ఒక హెచ్చరిక. ఇప్పుడు చెప్పిన గణాల పోలికను సూత్రం అర్థం చేసుకోవడానికి మాత్రమే వాడుకోండి. అక్షరాలు గుర్తుపెట్టుకోవడానికి వాడకండి. డా-డి-డా వినగానే ‘ఇది ర గణం, ర గణమంటే కె’ అని మనసు రెండు మెట్లు ఎక్కితే, ఆలోగా తర్వాతి అక్షరం వెళ్లిపోతుంది. జ్ఞాపకానికి సాయంగా పెట్టుకునే ఏ కొండగుర్తైనా నెమ్మది వేగంలో ఊతకర్ర, అధిక వేగంలో కాలికి అడ్డుపడే కర్ర.

తిరిగి నేర్చుకునే పద్ధతి

ఇక ఆచరణకు వద్దాం. ఇక్కడ రెండు పేర్లు గుర్తుంచుకోవాలి. మొదటిది జర్మనీకి చెందిన లుడ్విగ్ కాఖ్. 1930లలో ఆయన సూచించిన పద్ధతిలో విద్యార్థి మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో వింటాడు. అయితే రెండే అక్షరాలు వింటాడు. వాటిని నూటికి తొంభై సార్లు సరిగ్గా గుర్తుపట్టాక మూడో అక్షరం చేరుతుంది. రెండోది ఫార్న్స్‌వర్త్ పద్ధతి. ఇందులో అక్షరాన్ని వేగంగానే పంపి, అక్షరాల మధ్య విరామాన్ని సాగదీస్తారు. సాధన పెరిగేకొద్దీ విరామాన్ని కుదించుకుంటూ వస్తారు. రెండింటిలోనూ ఉన్న సూత్రం ఒక్కటే. లెక్కపెట్టే వ్యవధి మనసుకు ఇవ్వకూడదు.

నెమ్మది వేగం ఇదివరకే వచ్చినవారికి నేను చెప్పే క్రమం ఇది.

ఒకటి. అక్షరాల వేగాన్ని 25కు పెట్టండి. విరామాలు ఎక్కువగా ఉంచి మొత్తం వేగం 10 దగ్గర మొదలుపెట్టండి. తెలిసిన అక్షరాలే కొత్తగా వినిపిస్తాయి. నిన్నటిదాకా 14 పదాలు అందుకున్నవాడు ఇవాళ 10 దగ్గర తడబడతాడు. కొత్త దారి పట్టినవారికి ఇది సహజం. చాలామంది వెనక్కి తిరిగేది ఇక్కడే. ఈ రెండు మూడు వారాలు ఓర్చుకోగలిగినవారే గోడ దాటుతారు.

రెండు. తప్పిపోయిన అక్షరాన్ని వదిలేయండి. అక్కడ ఒక గీత గీసి ముందుకు సాగండి. దాన్ని పట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి నాలుగు పోతాయి. గేటు దగ్గర నిలబడి గూడ్సు బండి వ్యాగన్ల నంబర్లు చదివే పిల్లవాడు ఒక నంబరు తప్పితే వెనక్కి చూడడు. చూస్తే మిగతావి కూడా పోతాయని వాడికి తెలుసు.

మూడు. రోజుకు రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట మేలు.

నాలుగు. మాటలను మాటలుగా వినండి. తరచుగా వచ్చే చిన్న ఇంగ్లీషు మాటలు, సీక్యూ అనే పిలుపు, ఊరును అడిగే క్యూటీహెచ్, వీడ్కోలు చెప్పే 73, వీటిని ఒక్కొక్క శబ్దంగా చెవికి అలవాటు చేయండి. మొదట వంద మాటలు చాలు.

అయిదు. కలం పక్కన పెట్టి వినండి. రాయకుండా వింటే అర్థం తలలో నిలబడక తప్పదు. ఆ తర్వాత రాసేటప్పుడు చెవి ముందు, చేయి వెనక నడవడం అలవాటవుతుంది.

ఆరు. అప్పుడప్పుడు మీ శక్తికి మించిన వేగం వినండి. 28 పదాల దగ్గర అయిదు నిమిషాలు విని 22కు దిగితే, 22 తీరికగా వినిపిస్తుంది.

ఏడు. అందుకోగలిగిన వేగాన్ని మించి పంపకండి. మీరు 25తో పిలిస్తే అవతలివారు 25తోనే జవాబిస్తారు. నెమ్మదిగా పంపమని అడగడానికి క్యూఆర్‌ఎస్ అనే సంకేతం ఉంది. దాన్ని వాడడంలో చిన్నతనం ఏమీ లేదు. ఎంత వేగం ఉన్న ఆపరేటరైనా, పిలిచినవారి వేగానికి దిగి జవాబివ్వడం హామ్‌లలో ఎప్పటి నుంచో ఉన్న మర్యాద.

మాటలుగా వినడం వల్ల ఇంకో లాభం ఉంది. ఇందాక కాలవైశాఖి మెరుపుల సంగతి చెప్పాను. అక్షరం అక్షరంగా వినేవాడికి మెరుపు ఒక అక్షరాన్ని మింగితే అక్కడ ఖాళీ మిగులుతుంది. మాటగా వినేవాడికి ఆ ఖాళీ తనంతట తాను నిండుతుంది. బోర్డు మీద ‘ఖ’ తర్వాత ఒక అక్షరం రంగు ఊడిపోయి, ‘గ్‌పూర్’ మాత్రం మిగిలినా స్టేషను పేరు మనం చదవగలం కదా! వేగానికి అలవాటుపడిన చెవి రొదలోనూ బాగా పనిచేయడానికి కారణం ఇదే.

వయసు అడ్డమా?

యాభై దాటినవారు అడిగే ప్రశ్న ఇది. వయసుతో మొదట తగ్గేది ఎక్కువ పౌనఃపున్యాల వినికిడి. మోర్స్ వినడానికి మనం పెట్టుకునే స్వరం 500 నుంచి 700 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సాధారణంగా ఆ భాగం చాలాకాలం బాగానే ఉంటుంది. ఇక స్పందించే వేగం వయసుతో తగ్గుతుందన్నది నిజం. అయితే 1984లో తిమోతీ సాల్ట్‌హౌస్ అనే శాస్త్రవేత్త టైపిస్టుల మీద చేసిన పరిశోధనను చూడండి. వయసు పైబడిన టైపిస్టుల ప్రతిస్పందన నెమ్మదించింది. అయినా వారి టైపింగు వేగం తగ్గలేదు. కారణం వెతికితే, వారు చిన్నవారి కంటే కాగితం మీద మరికొన్ని అక్షరాలు ముందుకు చూస్తున్నారని తేలింది. కోడ్ వినేవారికీ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. ఒక్కో గుర్తును పట్టుకునే చురుకు తగ్గినా, పెద్ద ముక్కలుగా వినడం దాన్ని పూరిస్తుంది.

2010లో జర్మన్ పరిశోధకులు మోర్స్ నేర్చుకున్నవారి మెదడును స్కానింగులో పరిశీలించారు. చదవడంతో సంబంధమున్న ఎడమవైపు ప్రాంతంలో మార్పు కనిపించింది. చెవితో చేసే ఈ పని కూడా ఒక రకమైన చదువే అనడానికి అది ఒక సూచన.

నా సంగతి అడిగితే, ఏడాది సాధన తర్వాత ఇప్పుడు 20 పదాల వేగంలో కలం లేకుండా సంభాషించగలను. 25 దగ్గర కొన్ని రాత్రులు అంతా అర్థమవుతుంది, కొన్ని రాత్రులు సగమే అందుతుంది. ఈ వయసులో ఆ మాత్రం కదలిక రావడమే నాకు గొప్ప సంతోషం.

పిల్లల చదువుకు ఇందులో ఏముంది?

మొదట్లో చెబుతానన్న విషయానికి వస్తున్నాను. ఖరగ్‌పూర్‌లో మన పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. వీధిలో హిందీ, బెంగాలీ. బడిలో చాలామందికి తెలుగు లేదు. అమ్మానాన్నలు పట్టుబట్టి అక్షరాలు నేర్పిస్తారు. క‌కు గుడి ఇస్తే కి, క‌కు కొమ్ము ఇస్తే కు అని గుణింతం వస్తుంది. ఆ తర్వాత పుస్తకం చేతికిస్తే, ఒక్కో అక్షరం కూడబలుక్కుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. “తెలుగు కష్టం” అని పుస్తకం మూసేస్తారు. మాట్లాడే భాష, చదవలేని భాషగా మిగిలిపోతుంది.

ఆ పిల్లలు నిలబడి ఉన్నది పీఠభూమి మీద. వారికి అక్షరాలు వచ్చు, మాటలూ వచ్చు. ఈ రెండింటినీ కలిపే దశ ఒక్కటే మిగిలింది. అక్కడ మళ్లీ గుణింతం రాయించడం వల్ల లాభం తక్కువ. వారికి నోటికి వచ్చిన పాటను, తెలిసిన కథను, ఇంట్లో రోజూ వినే మాటలను అచ్చులో చూపించాలి. అమ్మ, అన్నం, రైలు, బజారు లాంటి వంద మాటలను విడదీయకుండా చూడగానే గుర్తుపట్టేలా చేయాలి. ఒక అక్షరం తెలియకపోతే ఆగి తిట్టకుండా, ముందుకు పోనివ్వాలి. రోజూ పదిహేను నిమిషాలు చాలు. ఇందాక కోడ్ కోసం చెప్పిన క్రమమే ఇదీ.

వేగం రావడానికి ముందు ఒక ఆగిపోయిన కాలం ఉంటుందని పిల్లలకు తెలియదు. తమకు రాదనుకుంటారు. అది దారిలో ఒక మజిలీ అని చెప్పవలసినవాళ్లం మనం. అలా చెప్పేవారు లేక, పెద్దవారైనా పిల్లలైనా, గోడకు అంగుళం ఇవతల ఆగిపోయినవారు ఎంతమందో!

హామ్ రేడియోలో ఆసక్తి ఉన్నవారు ఈ రాత్రి 7 మెగాహెర్ట్జ్ బ్యాండు అడుగు భాగాన్ని ఒకసారి వినండి. వినడానికి లైసెన్సు ఉన్న మిత్రుల స్టేషనుకు వెళ్లినా సరే. లెక్కపెట్టకుండా వినండి. మొదట అంతా రొదలాగే ఉంటుంది. కొన్నాళ్లకు అందులోంచి ఒక పేరు, ఒక ఊరు వినిపిస్తాయి.